రెండు నిమిషాల యుద్ధం

ఇంగ్లండు నడిబొడ్డున, ట్రెంటు నది ఒడ్డున వెలసిన నాటింగ్‌హాం నగరానికి చిరకాలంగా రెండు ప్రసిద్ధులున్నాయి. ఒకటి రాబిన్‌హుడ్ కథ. రెండవది లేసు పరిశ్రమ. గడచిన నాలుగు దశాబ్దాలలో వీటికి మూడవది వచ్చి చేరింది. అది బొమ్మ సైన్యం. నగరానికి పడమట లెంటన్ అనే పేట ఉంది. అక్కడ ‘గేమ్స్ వర్క్‌షాప్’ అనే సంస్థ ప్రధాన కార్యాలయం ముందు నిలువెత్తుకు మించిన కవచధారి విగ్రహం ఒకటి వచ్చేవారిని పలకరిస్తుంది. లోపల ప్రదర్శనశాల, ఫలహారశాల, వీటిని మించి ఒక విశాలమైన ఆటల హాలు ఉన్నాయి.

ఆ హాలులో బల్లలు వరుసలు తీరి ఉంటాయి. వాటి మీద శిథిల నగరాలు, కొండలు, అడవులు అన్నీ చేతిలో పట్టేంత పరిమాణంలో అమరి ఉంటాయి. బొటనవ్రేలి ఎత్తు సైనికులు వందలుగా నిలిచి ఉంటారు. ఒక్కొక్కరికి కంటి రెప్పలతో సహా రంగులు దిద్ది ఉంటాయి. బల్లకు అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి కొలత టేపుతో దూరాలు కొలుస్తూ, గుప్పెళ్ళతో పాచికలు విసురుతూ యుద్ధం నడుపుతుంటారు. కొందరి బల్లల ప్రక్కన చదరంగం పోటీలలో వాడే జంట గడియారం కూడా కనిపిస్తుంది.

మొదటిసారి ఆ హాలులో అడుగుపెట్టిన వారెవరైనా అడిగే ప్రశ్న ఒకటే: ‘ఒక ఆట పూర్తి కావడానికి ఎంతసేపు పడుతుంది?’

సంస్థ ముద్రించిన నియమావళిలో దీనికి సమాధానం ఉంది. వెయ్యి పాయింట్ల సైన్యమైతే రెండు గంటలలోపు, రెండు వేలదైతే మూడు గంటలలోపు, మూడు వేలదైతే నాలుగు గంటలలోపు అని ఆ పుస్తకం చెబుతుంది. అయితే ఆడేవారు ఈ మాట విని చిరునవ్వు నవ్వుతారు. ఉదయం మొదలుపెట్టిన ఆట భోజనవేళ దాటినా మూడవ చుట్టులోనే ఉండిపోయిన అనుభవం లేనివారు వారిలో అరుదు. ఈ ప్రశ్న వినడానికి చిన్నదే. కాని రెండు వందల ఏళ్ళుగా రాజులను, సేనానులను, రచయితలను, ఒక మహాయుద్ధంలో నావికాదళాన్ని సైతం వేధించిన ప్రశ్న ఇది. యుద్ధంలో గడిచే కాలాన్ని బల్లమీద గడిచే కాలంలోకి కుదించడం ఎట్లా అన్నదే దాని సారాంశం. జవాబులు వెదకిన చోట్లు కొన్ని నేటికీ చూడదగినవిగా నిలిచి ఉన్నాయి.

ఆగిపోయిన సాయంత్రం

లండను నగరంలో, థేమ్స్ నదికి దగ్గరగా, చెల్సీ ప్రాంతాన జాతీయ సైనిక మ్యూజియం ఉంది. అందులో వాటర్లూ యుద్ధభూమి నమూనా ఒకటి భద్రపరచి ఉంది. పొడవు, వెడల్పు సుమారు ఆరేసి మీటర్లు ఉన్న ఆ నమూనా మీద డెబ్భై వేలకు పైగా సీసం, తగరం కలిపి పోతపోసిన చిన్నారి సైనికులు నిలబడి ఉన్నారు. పొలాలు, కంచెలు, తెల్లని పొగతెరలు, లా హే సాంత్ అనే రైతు ఇల్లు, అన్నీ యథాతథం. దీన్ని తయారు చేసినవాడు విలియం సైబోర్న్ అనే బ్రిటిష్ సైనికాధికారి.

1830లో ఈ పని చేపట్టిన సైబోర్న్ ఆ రైతు ఇంటిలోనే ఎనిమిది నెలలు కాపురం ఉండి నేలను అంగుళం అంగుళం కొలుచుకున్నాడు. ఆ యుద్ధంలో పాల్గొని బ్రతికి ఉన్న వందలాది అధికారులకు ఉత్తరాలు రాశాడు. ‘1815 జూన్ 18 సాయంకాలం ఏడు గంటలకు మీ దళం ఎక్కడ ఉంది? మీ ఎదుట శత్రువు ఏ తీరున నిలిచి ఉన్నాడు? చేలలో ఏ పంట ఉంది?’ అని అడిగాడు. ప్రభుత్వం సగంలో ధనసహాయం ఆపివేసింది. ఆయన తన సొమ్ము, అప్పు తెచ్చిన సొమ్ము పెట్టి 1838లో పని ముగించాడు. వేలమంది టిక్కెట్టు కొని చూశారు. అయినా ఆ అప్పుల భారం నుంచి ఆయన తేరుకోలేదు. పైగా ప్రష్యన్ సైన్యాన్ని యుద్ధభూమిలో ఎక్కువగా చూపాడన్న అసమ్మతి వెల్లింగ్టన్ ప్రభువు నుంచే ఎదురైంది. చివరకు నమూనా నుంచి వేలాది ప్రష్యన్ బొమ్మలను ఆయన తొలగించవలసి వచ్చింది.

ఈ నమూనాలో కాలం నడవదు. సాయంకాలం ఏడు గంటలు ఎప్పటికీ ఏడు గంటలే. ఎనిమిదేళ్ళ శ్రమ ఒక్క క్షణాన్ని పట్టుకోవడానికే సరిపోయింది. నిజానికి ఆ యుద్ధం ఉదయం పదకొండున్నర ప్రాంతాన మొదలై చీకటి పడేవేళకు, అంటే తొమ్మిది గంటల వ్యవధిలో ముగిసిపోయింది. అంత విస్తారమైన సైన్యాన్ని క్షణం తరువాత క్షణంగా కదిలించాలంటే ఏం చేయాలి? ఆ జవాబు కోసం ఇంకొంచెం వెనక్కు, జర్మన్ దేశాలకు వెళ్ళాలి.

రాజుగారి బల్ల

బల్లమీది యుద్ధాలన్నిటికీ ముత్తాత మన చదరంగమే. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాల సేనను అరవైనాలుగు గళ్ళలో నిలిపిన ఆట భారతదేశంలో పుట్టి, పారశీకం, అరబ్బు దేశాల మీదుగా యూరపు చేరింది. 1780లో బ్రన్స్‌విక్ నగరంలో హెల్విగ్ అనే పండితుడు ఆ ఆటనే పెంచి, పదహారు వందలకు పైగా గళ్ళున్న పలకను తయారుచేశాడు. ఆ గళ్ళకు కొండ, నీరు, చిత్తడి అని రంగులు వేశాడు. శిష్యులకు యుద్ధకళ నేర్పడం ఆయన ఉద్దేశం. అయినా గడిలో నిలిచిన సైనికుడు గడి మనిషే. నిజమైన దళం గళ్ళు చూసుకుని నడవదు.

ఆ గళ్ళను చెరిపివేసినవాడు బ్రెస్లా నగరంలో ఉండిన రైస్విట్జ్ ప్రభువు. నేడు ఆ నగరం పోలండులో ఉంది, పేరు వ్రోత్స్‌వాఫ్. 1812లో ఆయన ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియంకు ఒక అపూర్వమైన బల్లను కానుకగా సమర్పించాడు. నదులు, బాటలు, గ్రామాలు చిత్రించిన పలకలను ఎట్లా కావాలంటే అట్లా పేర్చి కొత్త కొత్త భూములను సృష్టించవచ్చు. గళ్ళు లేవు. దూరం కొలబద్దతో కొలవాలి. రాజు, రాజకుమారులు పాట్స్‌డాం సౌధంలో ఆ బల్ల చుట్టూ చేరి పొద్దు పుచ్చేవారు.

ఆయన కుమారుడు, ఫిరంగిదళంలో లెఫ్టినెంటు అయిన చిన్న రైస్విట్జ్, 1824లో ఈ ఆటకు శాస్త్రరూపం ఇచ్చాడు. బల్లకు బదులు ఎనిమిది వేల వంతుకు కుదించిన పటం; బొమ్మలకు బదులు ఎరుపు, నీలం రంగుల సీసపు దిమ్మలు. ఇరుపక్షాల మధ్య తీర్పరి ఒకడు. ఆయన చేసిన ముఖ్యమైన నిర్ణయం కాలానికి సంబంధించినది. ఆటలో ఒక వంతు అంటే యుద్ధంలో రెండు నిమిషాలు అని ఆయన శాసించాడు. రెండు నిమిషాలలో కాల్బలం ఎంత దూరం నడవగలదు, గుర్రం ఎంత దూరం దౌడు తీయగలదు, ఫిరంగి ఎన్నిసార్లు పేలగలదు అన్నది పట్టికలలో రాశాడు. గురి తప్పిందా, తగిలిందా అన్నది పాచికలు తేలుస్తాయి.

ఆటను పరీక్షించడానికి వచ్చిన సైన్యాధ్యక్షుడు జనరల్ మ్యూఫ్లింగ్ మొదట అనాసక్తంగా కూర్చున్నాడనీ, ఆట సాగినకొద్దీ ఉత్సాహం పట్టలేక, ఇది ఆట కాదు, యుద్ధానికి శిక్షణ అని ప్రకటించాడనీ చరిత్రకారులు రాశారు. రాజాజ్ఞతో ఆట ప్రతి పటాలానికీ చేరింది. కాని దాని కర్తకు ఆ కీర్తి దక్కలేదు. పదోన్నతి అందక, రాజధానికి దూరంగా పంపబడి, 1827లో చిన్న రైస్విట్జ్ తుపాకితో ప్రాణం తీసుకున్నాడు.

ఆయన విడిచిపోయిన ఆటలో ఒక చిక్కు మాత్రం మిగిలింది. రెండు నిమిషాల యుద్ధాన్ని తేల్చడానికి బల్ల దగ్గర రెండు నిమిషాలు చాలవు. కొలవాలి, పట్టికలు తిరగేయాలి, పాచికలు వేయాలి, నష్టం లెక్కకట్టాలి. ఒక్కొక్క వంతుకు పది నిమిషాలే పట్టిందనుకున్నా, గంటసేపటి పోరాటానికి ఐదు గంటల ఆట కావాలి. ఏమీ జరగని వేళలను తీర్పరి ఒక్క మాటతో దాటవేయవచ్చు కాని, తుపాకులు మ్రోగడం మొదలైతే దాటవేత కుదరదు. విసుగెత్తిన అధికారులలో జనరల్ వెర్డీ దు వెర్న్వా ఒకరు. 1876లో ఆయన పట్టికలను, పాచికలను పక్కకు నెట్టాడు. యుద్ధానుభవం ఉన్న తీర్పరి ఏది జరుగుతుందో చెబితే అదే జరిగినట్లు అన్నాడు. ఆట వేగం పుంజుకుంది. అయితే ఇప్పుడు ఆట మంచిచెడ్డలన్నీ ఆ తీర్పరి మంచిచెడ్డల మీద ఆధారపడ్డాయి. వేగం కావాలంటే నమ్మకం కావాలి. నమ్మకం లేనిచోట లెక్కలు కావాలి. లెక్కలకు కాలం కావాలి. ఈ మూడు ముళ్ళూ నేటికీ విడిపోలేదు.

సముద్రం ఒడ్డున రచయిత

ఇంగ్లండుకు ఆగ్నేయాన, కెంటు మండలంలో ఫోక్‌స్టన్ రేవును ఆనుకుని శాండ్‌గేట్ అనే చిన్న ఊరు ఉంది. ఊరికి ఎదుట ఇంగ్లిషు ఛానల్. మబ్బులేని రోజున ఆవలి గట్టున ఫ్రాన్సు తీరం కనిపిస్తుంది. కొండవాలు మీద ‘స్పేడ్ హౌస్’ అనే ఇల్లు ఒకటి ఉంది. వోయ్‌సీ అనే ప్రసిద్ధ శిల్పి నిర్మించిన ఆ ఇంటిలో హెచ్.జి. వెల్స్ 1901 నుంచి 1909 వరకు నివసించాడు. వోయ్‌సీ తాను కట్టిన ఇళ్ళ తలుపులకు హృదయాకారం చెక్కించేవాడు. వెల్స్ దాన్ని తలక్రిందులు చేయించి పేకముక్కలలోని ఇస్పేటుగా మార్పించాడు. ఇంటికి పేరు అట్లా వచ్చింది.

కాలయంత్రాన్ని, కుజగ్రహవాసుల దండయాత్రను ఊహించిన ఆ రచయిత తన ఇద్దరు కుమారులతో కలిసి నేలమీద బొమ్మలాటలు ఆడేవాడు. ఒకనాటి మధ్యాహ్న భోజనం తరువాత, హాస్యరచయిత జెరోం కె. జెరోం గదిలో చెల్లాచెదురుగా పడి ఉన్న బొమ్మ ఫిరంగి నొకదాన్ని తీసి, బొమ్మ సైనికుల మీద గురిపెట్టి పేల్చాడట. స్ప్రింగుతో కొయ్యగుండు విసిరే ఆ ఫిరంగి నుంచే కొత్త ఆట పుట్టింది. 1913లో వెల్స్ దాన్ని ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకంగా ప్రచురించాడు. పన్నెండేళ్ళ వారి నుంచి నూట యాభై ఏళ్ళ వారి వరకు గల బాలుర కోసమనీ, బాలుర ఆటలను ఇష్టపడే తెలివైన బాలికల కోసమనీ దాని శీర్షికలోనే రాశాడు. శీర్షికలోని ఆ రెండవ మాటను చరిత్ర తరువాత వేరొక రేవుపట్టణంలో గుర్తుచేయబోతున్నది.

వెల్స్ పట్టికలను దగ్గరకు రానీయలేదు. గుండు బొమ్మను పడగొడితే సైనికుడు చచ్చినట్లు, లేకుంటే బ్రతికినట్లు. కాల్బలం ఒక వంతుకు ఒక అడుగు, గుర్రపుదళం రెండు అడుగులు కదలాలి. ఆట చురుకుగా సాగవలసిందే. కాని మనిషి స్వభావం అడ్డం వచ్చింది. ఆడేవాడు తన ఎత్తు వేసేముందు ఆలోచిస్తూ ఉండిపోయేవాడు. అందుచేత వెల్స్ గడియారాన్ని ఆటలోకి తెచ్చాడు. ముప్ఫైమంది సైనికులకు ఒక నిమిషం, ఒక్కొక్క ఫిరంగికి మరొక నిమిషం చొప్పున గడువు. నూటపదిమంది సైనికులు, మూడు ఫిరంగులు ఉన్న సేనకు ఏడు నిమిషాలు. గడువు తీరితే కదలని సైనికుడు కదలనట్లే, పేలని ఫిరంగి పేలనట్లే. సైనికులు నేలకూలుతున్నకొద్దీ గడువు కూడా తగ్గిపోతుంది.

ఆ చిన్న నియమంతో ఆట స్వభావం మారింది. చదరంగంలో వలె అన్నీ ఆలోచించి నిదానంగా అడుగువేసే వీలు పోయింది. చేతులు వణికాయి, బొమ్మలు పొరపాటున పడిపోయాయి, ముఖ్యమైన దళం చెట్ల వెనుక మరుపున పడిపోయింది. నిజమైన యుద్ధంలో సేనానికి జరిగేది ఇదేనని వెల్స్ గ్రహించాడు. మూడు నాలుగుసార్లు ఈ చిన్న యుద్ధం ఆడి చూస్తే పెద్ద యుద్ధం ఎంత తప్పులతడకగా ఉంటుందో అర్థమవుతుందని పుస్తకం చివర హెచ్చరించాడు. మరుసటి సంవత్సరమే, 1914లో, పెద్ద యుద్ధం వచ్చింది. ఆ కొండవాలు క్రింది ఫోక్‌స్టన్ రేవు నుంచే లక్షలాది సైనికులు ఓడలెక్కి ఫ్రాన్సుకు తరలిపోయారు.

లివర్‌పూల్ నేలమీద

బల్లమీది కాలానికి నిజమైన ప్రాణాలు తాకట్టు పడిన చోటు లివర్‌పూల్. మెర్సీ నది సముద్రంలో కలిసే ఈ రేవులో, పురమందిరం వెనుక ‘ఎక్స్‌ఛేంజ్ ఫ్లాగ్స్’ అనే రాతి చప్టా ఉంది. దాని ప్రక్కనే డెర్బీ హౌస్ అనే భవనం. 1941 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సముద్ర రక్షణను చూసే నావికా కార్యాలయం ఇక్కడికి తరలివచ్చింది. బాంబులు తాకకుండా మందపాటి కాంక్రీటు కప్పు క్రింద, నేలమాళిగలో అది పనిచేసింది. ఆ నేలమాళిగ 1993 నుంచి మ్యూజియంగా ఉంది. గోడనిండా పరచుకున్న అట్లాంటిక్ పటం, దాని ముందు పొడవాటి నిచ్చెనలు, వరుస టెలిఫోనులు సందర్శకులకు ఇప్పటికీ దర్శనమిస్తాయి.

అయితే ఈ కథకు సంబంధించిన గది నేలమాళిగలో లేదు. భవనం పై అంతస్తులో ఉండేది. 1942 జనవరిలో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారి ఆ గదిలో అడుగుపెట్టాడు. క్షయవ్యాధి వల్ల నావికాదళం ఆయనను యుద్ధానికి ముందే ఉద్యోగ విరమణ చేయించి ఇంటికి పంపింది. ఓడ ఎక్కే యోగం ఇక లేదు. కాని యుద్ధక్రీడలలో ఆయనకు గల నేర్పు అధికారులకు గుర్తుంది. అప్పటి పరిస్థితి భయంకరమైనది. అమెరికా, కెనడాల నుంచి తిండిగింజలు, చమురు తెచ్చే ఓడలు గుంపులుగా బయలుదేరేవి. జర్మన్ జలాంతర్గాములు రాత్రివేళ వాటిని వేటాడి ముంచివేస్తున్నాయి. ఓడలు ఆగితే బ్రిటన్ ఆకలికి లొంగిపోవలసిందే. జలాంతర్గాములు ఏ విధంగా దాడి చేస్తున్నాయో, వాటిని ఎట్లా పట్టాలో కనిపెట్టవలసిందని రాబర్ట్స్‌కు ఆజ్ఞ.

ఆయనకు ఇచ్చిన సిబ్బందిలో అత్యధికులు నావికాదళ మహిళావిభాగానికి చెందిన యువతులు. కొందరు ఇరవై ఏళ్ళు నిండినవారు, కొందరు నిండనివారు. వారిలో పలువురు సముద్రం మీద పయనించి ఎరుగరు. గది నేలకు పరచిన లినోలియం మీద గళ్ళు గీశారు. అదే అట్లాంటిక్ మహాసముద్రం. దాని మీద చిన్న చిన్న చెక్క ఓడలు. సుద్దముక్కలతో వాటి దారులు గీసేవారు: రక్షణ నౌకలవి తెలుపు, జలాంతర్గాములవి ఆకుపచ్చ. శిక్షణకు వచ్చిన అధికారులను గుడ్డతెరల వెనుక కూర్చోబెట్టేవారు. తెరకున్న సందులోంచి వారికి సముద్రంలో కొద్ది భాగమే కనబడేది. ఆ కోణం నుంచి చూస్తే ఆకుపచ్చ గీత కంటికి ఆనేది కాదు. చీకటి రాత్రి, తుపాను సముద్రంలో నౌకాధిపతికి ఎంత తెలుస్తుందో ఇక్కడా అంతే తెలియాలని రాబర్ట్స్ పట్టుదల.

ఇక వంతు ఎంతసేపు? రెండు నిమిషాలు. నూటపద్ధెనిమిదేళ్ళ క్రితం రైస్విట్జ్ పెట్టిన కొలతే మళ్ళీ ఇక్కడకు వచ్చింది. అయితే ఈ గదిలో ఆ రెండు నిమిషాలకు దయాదాక్షిణ్యాలు లేవు. ఓడ ఎటు తిరగాలి, ఎంత వేగంతో పోవాలి, ఏమి వదలాలి అన్న ఆజ్ఞను అధికారి ఆ రెండు నిమిషాలలోనే కాగితం మీద రాసి అందించాలి. యువతులు నేలమీద మోకరిల్లి, కొలిచి, గీసి, ఓడలను జరిపేవారు. వెంటనే మరొక రెండు నిమిషాలు.

మొదటి ఫలితం కొద్ది వారాలలోనే వచ్చింది. పేలుడు జరిగినప్పుడు జలాంతర్గామి ఓడల గుంపుకు వెలుపల దూరాన ఉంటుందని నావికులు నమ్మేవారు. రక్షణ నౌకలు ఆ వెలుపలి నీళ్ళనే గాలించేవి. 1941 డిసెంబరులో జిబ్రాల్టర్ నుంచి వచ్చిన ఒక గుంపు అనుభవాన్ని రాబర్ట్స్ బృందం నేలమీద మళ్ళీ మళ్ళీ ఆడి చూసింది. మునిగిన ఓడల స్థానాలు ఆ నమ్మకంతో పొసగలేదు. జలాంతర్గామి వెలుపల లేదు. రాత్రి చీకటిలో నీటిపైకి తేలి, వెనుకనుంచి గుంపు లోపలికే చొరబడి, ఓడల వరుసల మధ్యనుంచి గురిపెడుతోంది. ఆ తరువాత నీట మునిగి, గుంపు తన మీదుగా సాగిపోయేదాకా ఊరుకుని తప్పించుకుంటోంది. అట్లా అయితే గాలించవలసింది ముందు ప్రక్కలు కాదు, వెనుక. రక్షణ నౌకలు వెనుదిరిగి, వరుసకట్టి, గుంపు వెనుక నీళ్ళను జల్లెడపట్టే వ్యూహాన్ని రూపొందించారు. జీన్ లెయిడ్‌లా అనే యువతి దానికి ‘రాస్ప్‌బెర్రీ’ అని పేరు పెట్టింది. అది పండు పేరే అయినా ఇంగ్లిషు వాడుకలో పెదవులతో వెక్కిరింపు ధ్వని చేయడమని కూడా అర్థం. ఆ వెక్కిరింపు హిట్లరుకు!

1942 నవంబరులో సర్ మాక్స్ హార్టన్ అనే అడ్మిరల్ అక్కడ అధిపతిగా వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పేరుమోసిన జలాంతర్గామి నాయకుడాయన. జలాంతర్గామి పాత్ర తానే ధరించి నేలమీది ఆటకు దిగాడు. ఐదుసార్లు ఆడితే ఐదుసార్లూ ఆయన జలాంతర్గామి మునిగిందని చెబుతారు. తెర అవతల ఎదురాడినది జానెట్ ఓకెల్ అనే యువతి. వెల్స్ తన శీర్షిక చివర చేర్చిన బాలికలకు ఇంతకంటె తగిన సమాధానం మరొకటి ఉండబోదు.

రక్షణ నౌకల అధికారులు ఒక్కొక్క బృందంగా వారం రోజుల శిక్షణకు వచ్చేవారు. యుద్ధం ముగిసేనాటికి దాదాపు ఐదు వేలమంది ఆ గదిలో రెండు నిమిషాల పాఠం నేర్చుకున్నారు. 1943 మే నెలలో జర్మనీ నలభైకి పైగా జలాంతర్గాములను కోల్పోయి, వాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కు పిలిపించుకుంది. రాడార్, విమానాలు, సంకేతభేదనం కలిసి సాధించిన ఫలితం అది. అయినా చీకటిలో పేలుడు వినిపించిన మరుక్షణం ఏం చేయాలో తడుముకోనక్కరలేని నాయకులు నౌకల మీద ఉండడం కూడా అందులో భాగమే. అటువంటి వేళ ఆలోచించుకోవడానికి వారికి దొరికే వ్యవధి ఇంచుమించు రెండు నిమిషాలే.

తీరిక వేళల సేనానులు

యుద్ధం ముగిసిన తరువాత ఆట మళ్ళీ ఇంటికి చేరింది. టాంకు దళంలో పనిచేసి వచ్చిన డొనాల్డ్ ఫెదర్‌స్టన్ 1962లో ‘వార్ గేమ్స్’ అనే పుస్తకం రాసి బ్రిటన్‌లో ఈ వినోదానికి కొత్త ఊపిరి పోశాడు. ఆయన నివసించిన సౌథాంప్టన్ రేవులోనే 1961లో ఇటువంటి ఆటగాళ్ళ సమావేశం జరిగింది. నాటి ఆటలు ఒక సాయంకాలానికి సరిపోయేవి. నియమాలు కొద్ది పుటలలో ముగిసేవి. తరువాతి దశాబ్దంలో చరిత్ర తెలిసినవారు, ఆయుధాల బరువు తెలిసినవారు చేరి నియమాలను పెంచారు. సత్యానికి దగ్గరైనకొద్దీ ఆట సాగింది. పటం మీద అట్టముక్కలతో ఆడే ఆటలలో ఇది పరాకాష్ఠకు చేరుకుంది. 1979లో అమెరికాలో వెలువడిన ఉత్తర ఆఫ్రికా యుద్ధపు ఆట ఒకటి పూర్తికావడానికి వెయ్యి గంటలకు పైగా పడుతుంది. అందులో ఇటాలియన్ సైనికులు సేమియా వండుకోవడానికి అదనంగా నీళ్ళు కేటాయించాలన్న నియమం కూడా ఉంది.

ఎదురుగాలి కూడా వీచింది. ప్రాచీన యుద్ధాల మీద దళసరి నియమావళులు రాసి పేరుపొందిన ఫిల్ బార్కర్, సహరచయితతో కలిసి 1990లో ఒక పలుచని పుస్తకం తెచ్చాడు. పక్షానికి పన్నెండు దళాలు మాత్రమే; రెండు అడుగుల చదరపు బల్ల; గంటలోపు జయాపజయాలు. కార్తేజి సేనైనా, రోము సేనైనా ఒక చిన్న డబ్బాలో ఇమిడిపోతుంది. కాలాన్ని పొదుపు చేయడానికి ఆయన వదులుకున్నది వివరాన్ని. సైనికుడు ఒక్కొక్కడుగా చావడు; దళం మొత్తం నిలుస్తుంది, లేదా తొలగిపోతుంది.

నాటింగ్‌హాం హాలులోని బల్లలు ఈ రెంటికీ మధ్యస్థంగా ఉన్నాయి. రెండు వేల పాయింట్ల ఆటకు ఐదు చుట్లు. చుట్టుకు ఇద్దరికీ ఒక్కొక్క వంతు, వెరసి పది. మూడు గంటలలో అరగంట సైన్యాన్ని బయటకు తీసి నిలపడానికే పోతుంది. మిగిలినది పంచుకుంటే వంతుకు పదిహేను నిమిషాలు. ఇరవైమంది తుపాకిదారులు రెండేసి గుళ్ళు పేలిస్తే నలభై పాచికలు. తగిలినవి ఏరి, గాయం చేసినవి ఏరి, ఎదుటివాడి కవచం కాపాడినవి ఏరి లెక్కతేల్చే సరికి ఒక్క దళానికే రెండు మూడు నిమిషాలు. అటువంటి దళాలు పది ఉండవచ్చు. అందుకే పోటీలలో జంట గడియారం పెట్టుకుంటారు. ఆటగాడికి గంటన్నర. అది తీరిందా, అతని సేన అలాగే నిలబడి దెబ్బలు తినవలసిందే. శాండ్‌గేట్‌లో వెల్స్ పెట్టిన నియమం ఇది కాక మరేమిటి?

అయితే ఈ లెక్కలో చేరని కాలం ఒకటి ఉంది. ఒక్కొక్క బొమ్మకు రంగు దిద్దడానికి కొన్ని గంటలు పడుతుంది. వంద బొమ్మల సేన అంటే నెలల తరబడి రాత్రివేళ దీపం క్రింద సాగిన పని. ఆ సేన బల్లమీద నిలిచేది ఒక మధ్యాహ్నం. అయినా అది దండగ అని వారిలో ఎవరూ అనరు.

2019 జూన్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వాటర్లూ యుద్ధాన్ని బల్లలమీద మళ్ళీ ఆడారు. ఇరవై వేలకు పైగా బొమ్మలు దేశం నలుమూలల నుంచి వచ్చాయి. ఆట రెండు రోజులు సాగింది. తొమ్మిది గంటల యుద్ధానికి రెండు రోజులు! అందులో వసూలైన ధనం నేటి యుద్ధాలలో శరీరమో, మనసో గాయపడిన సైనికులకు ఆసరాగా నిలిచే ఒక ధార్మిక సంస్థకు చేరింది. ఆ సంస్థ వారిని వాటర్లూ పొలాలకు తీసుకువెళ్ళి, పురాతత్త్వవేత్తలతో కలిసి మట్టి తవ్విస్తుంది. సైబోర్న్ ఎనిమిది నెలలు కొలిచిన నేల అదే. రెండు వందల ఏళ్ళనాటి తుపాకిగుండు ఒకటి మట్టిలోంచి చేతికి తగిలినప్పుడు, తాము చూసిన యుద్ధం గురించి నోరు విప్పలేనివారికి మాట్లాడడానికి ఒక దారి దొరుకుతుందని నిర్వాహకుల ఆశ. ఆ పనికి గడువు పెట్టే గడియారం లేదు.

లెంటన్ హాలులో సాయంకాలం అవుతుంది. దీపాలు ఆర్పే వేళ దగ్గరపడిందని సిబ్బంది బల్లల మధ్య తిరిగి చెబుతారు. ఐదవ చుట్టు పూర్తికాని బల్లలు కొన్ని మిగిలే ఉంటాయి. ఆడేవారు గెలుపోటములు ఉజ్జాయింపుగా తేల్చుకుని, చేతులు కలుపుకుంటారు. చచ్చినవారిని, బ్రతికినవారిని కలిపి, రంగు రాలకుండా ఒక్కొక్కరినే మెత్తని గూళ్ళున్న పెట్టెలో పడుకోబెడతారు. ఈ పనికి ఎవరూ గడువు పెట్టరు. తొందరపడేవారు కూడా ఉండరు. పెట్టె మూతపడిన తరువాత ఒకరు తప్పకుండా అంటారు: ‘ఇంకొక్క వంతు దొరికి ఉంటే...’